రాష్ట్ర రహదారులకు టోల్ పెడితే ఒప్పుకుందామా? చిలకపాలెం – రాయగడ దారి మీద చర్చ

నాగావళి:

నేను ఉండేది రాజాంలో, ఉద్యోగం ఎచ్చెర్లలో. వారానికి ఆరు రోజులు చిలకపాలెం దాకా వచ్చి పోయే మనిషిని. అందుకే ఈ విషయం మీద విజయనగరం, శ్రీకాకుళం, మన రెండు జిల్లాల వాళ్ల మాట వినాలని ఉంది.

2024 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు శాసనసభలో ఒక ఆలోచన చెప్పారు. జాతీయ రహదారుల పద్ధతిలోనే రాష్ట్ర రహదారుల నిర్వహణను కూడా ప్రైవేటు సంస్థలకు అప్పగించి, టోల్ వసూలు చేసుకోనివ్వాలని. ముందుగా ఉభయ గోదావరి జిల్లాల్లో ప్రయోగం చేస్తామన్నారు. కార్లు, బస్సులు, లారీలే కట్టాలి. ద్విచక్ర వాహనాలు, ఆటోలు, ట్రాక్టర్లు కట్టనక్కరలేదు. గ్రామం నుంచి మండల కేంద్రం వరకు టోల్ ఉండదు. అదీ ఆ ప్రతిపాదన. రేపు అది మన దాకా వస్తే మనం ఏమనాలి?

నేనైతే వద్దంటాను. బండి కొన్న రోజునే జీవితకాల పన్ను కట్టాను. 2020 సెప్టెంబరు నుంచి రాష్ట్రంలో ప్రతి లీటరు పెట్రోలు, డీజిల్ మీద రోడ్ల కోసమని రూపాయి సెస్సు ఉంది. కేంద్రం వేసే సెస్సు వేరు. ఒకే రోడ్డుకు ఎన్నిసార్లు చెల్లించాలి?

పోయిన వానాకాలంలో ఒక సాయంత్రం బస్సులో నా పక్కన నిండు గర్భిణి కూర్చుంది. గుంతలన్నీ నీళ్లతో నిండి ఉన్నాయి, ఏది ఎంత లోతో తెలియదు. డ్రైవరు బస్సు ఆపి, వెనుక వచ్చే మోటారు సైకిలును ముందుకు పోనిచ్చాడు. దాని చక్రం ఎంత మునిగిందో చూసుకుని, అప్పుడు తను దించాడు. అలా ఒక్కొక్క గుంత దగ్గరా. ఆ అమ్మాయి ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని, బస్సు దిగినప్పుడల్లా కళ్లు మూసుకుంది. ఆ దారికి టిక్కెట్టుతో పాటు టోల్ కూడా కట్టమంటే ఎలా కడతాం?

పాత ఓవర్‌సీర్:

అమ్మా నాగావళీ, నేను రోడ్ల పనిలోనే జీవితమంతా గడిపి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. మీ కోపం న్యాయమైనదే. అయితే సమాధానం చెప్పేముందు అసలు ఈ రోడ్డు ఎవరిదో, దాన్ని ఎవరు అరగదీస్తున్నారో చూద్దాం.

రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు గమనించారా? పసుపు తల ఉంటే జాతీయ రహదారి, ఆకుపచ్చ తల ఉంటే రాష్ట్ర రహదారి. ఈ విభజన 1943 డిసెంబరులో నాగపూర్‌లో ఛీఫ్ ఇంజనీర్లు సమావేశమై వేసిన ఇరవై ఏళ్ల ప్రణాళిక నుంచి వచ్చింది. జాతీయ రహదారులు, అప్పటి మాటలో ప్రొవిన్షియల్ రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామ రోడ్లు అని వరసలు పెట్టారు. రాజధానులను, పెద్ద రేవులను కలిపేవి మొదటి వరస. జిల్లా కేంద్రాలను, పెద్ద పట్టణాలను కలిపి, వాటిని జాతీయ రహదారికి చేర్చేవి రెండో వరస. మన చిలకపాలెం, రాజాం, రామభద్రపురం, బొబ్బిలి, పార్వతీపురం, రాయగడ దారి అచ్చంగా అలాంటిదే.

కష్టం కూడా అక్కడే మొదలైంది. మొదటి వరసకు 1956 జాతీయ రహదారుల చట్టంతో ఢిల్లీ డబ్బు స్థిరపడింది. గ్రామ రోడ్లకు 2000లో ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన వచ్చింది. నడిమి వరస ఎక్కువగా రాష్ట్ర బడ్జెట్టు మీదే ఆధారపడి మిగిలింది. కొత్త రోడ్డుకు శంకుస్థాపన ఉంటుంది, నిర్వహణకు ఉండదు. డబ్బు తగ్గిన ఏడాది ముందు కోత పడేది నిర్వహణ పద్దుకే. గుంత పడ్డ వారంలో పూడిస్తే తట్టెడు కంకరతో పోతుంది. రెండు వానలు ఆగితే అడుగు పొర వరకు తవ్వాల్సి వస్తుంది.

ఇక అరగదీసేది ఎవరు? అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా ఇందుకోసమే రోడ్లు వేసి, వాటి మీద రెండేళ్లు లారీలు తిప్పి చూశారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు పదహారు రెట్లు అని తేలింది. ఈ లెక్కన నిండు లోడుతో పోయే లారీ వెనుక ఇరుసు ఒకటి, 10.2 టన్నులది, చిన్న కారు ఇరుసులు 45 వేలు పోయినంత నష్టం చేస్తుంది. మీ కారు ఈ రోడ్డును ఏమీ చేయదమ్మా. రాయగడ వైపు నుంచి విశాఖ రేవుకు దిగే సరుకు చేస్తుంది.

అందుకే నా అభిప్రాయం: దూరం నుంచి వచ్చి దూరం పోయే బరువు బండి దగ్గర తీసుకోవడం న్యాయం. రాజీవ్ రహదారి తెలంగాణలో రాష్ట్ర రహదారే. టోల్ పెట్టి నాలుగు వరసల రోడ్డు చేశారు. నార్కట్‌పల్లి – అద్దంకి – మేదరమెట్ల దారీ అలా వచ్చిందే.

పది చక్రాలు:

ఓవర్‌సీర్ గారూ, నమస్కారం. లెక్క బాగా చెప్పారు, సగమే చెప్పారు. నాకు రెండు లారీలు ఉన్నాయి, ఒకటి నేనే నడుపుతాను.

10.2 టన్నులు అన్నారు. 2018లో ఆ పరిమితిని 11.5 టన్నులకు పెంచింది ఎవరు? కేంద్ర ప్రభుత్వం. మేము దరఖాస్తు పెట్టి అడగలేదు. మీ లెక్కే వేయండి, ఆ ఒక్క మార్పుతో ఇరుసుకు జరిగే నష్టం ఎంత పెరిగింది? రోడ్డు మందం మాత్రం అప్పటిదే. పరిమితి పెంచిన మర్నాటి నుంచి సరుకు వేసేవాళ్లు టన్నుకు ఇచ్చే కిరాయి తగ్గించారు. ‘ఇప్పుడు ఎక్కువ ఎత్తవచ్చు కదా’ అన్నారు. నేను ఎత్తనంటే నా వెనుక బండి ఎత్తుతుంది.

మూడు నెలలకోసారి పన్ను కడుతున్నాను. జాతీయ రహదారి మీద నాతవలస దగ్గర టోల్ కడుతున్నాను, మడపాం దగ్గర కడుతున్నాను. ఇప్పుడు రాజాం దారిలో కూడా గేటు పెడితే ఏమవుతుందో చెప్తాను, వినండి. గేటుకు కిలోమీటరు ముందు ఊరి రోడ్డు ఒకటి కచ్చితంగా ఉంటుంది. కొంతమంది లారీలను ఆ ఊళ్లోకి తిప్పుతారు. మీరు చెప్పిన గ్రామ సడక్ రోడ్డు మూడు మీటర్ల ముప్పాతిక వెడల్పు, పలుచని పొర. ఒక పంటకాలం ఆగదు. బడి ముందు నుంచి, చెరువు గట్టు మీద నుంచి పది చక్రాల బండ్లు పోతాయి. నేను పోనని అనుకుంటున్నాను, అందరి తరఫునా మాట ఇవ్వలేను.

ఒకటి మాత్రం నిజం చెప్పాలి. రోడ్డు బాగుంటే నాకు డీజిల్ మిగులుతుంది, టైరు మిగులుతుంది, కమాను పట్టీలు విరగవు. బాగు చేసి అడిగితే ఆలోచిస్తాను. అడిగి, తర్వాత బాగు చేస్తామంటే కట్టను.

జంఝావతి:

మాది పార్వతీపురం. 2022 ఏప్రిల్ 4న మన్యం జిల్లా వచ్చింది, కలెక్టరు ఆఫీసు దగ్గరైంది. పెద్ద జబ్బు చేస్తే మాత్రం ఇప్పటికీ విశాఖ కేజీహెచ్‌కే పోవాలి. ‘మండలంలో టోల్ లేదు’ అనే మినహాయింపు మాకు ఎందుకు పనికివస్తుంది? మండలం లోపల మేము ఎక్కడికి పోతాం, సంతకు పోతాం. ప్రాణం మీదికి వస్తే మూడు నాలుగు మండలాలు దాటాలి. నాగావళి గారికీ అంతే. రాజాం మొన్నటి దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. గీతలు మారాయి, పనులు మారలేదు.

ఈ టోల్ గొడవ అంతా ఎందుకు? ఈ దారిని జాతీయ రహదారి చేయమని అడుగుదాం. ఇటు చిలకపాలెంలో చెన్నై – కోల్‌కతా 16వ నంబరు రహదారి. అటు రాయగడలో 326వ నంబరు రహదారి. రెండు జాతీయ రహదారులను, రెండు రాష్ట్రాలను కలుపుతున్న దారి ఇంకా ఆకుపచ్చ రాయితో ఎందుకు ఉండాలి? నరసన్నపేట నుంచి పాతపట్నం మీదుగా పర్లాకిమిడి పోయే దారికి 326ఎ అని నంబరు ఇచ్చారు. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు, శృంగవరపుకోట మీదుగా విజయనగరం చేరే దారి 516ఇ అయింది. మన దారి చేసిన పాపం ఏమిటి?

కళింగపట్నం తీరం:

మా దారినీ చర్చలో కలపండి. కళింగపట్నం, శ్రీకాకుళం, ఆమదాలవలస, పాలకొండ, వీరఘట్టం, పార్వతీపురం. సీఎస్పీ రోడ్డు అంటారు. కళింగపట్నాన్ని ఇంగ్లీషువాళ్లు ‘సి’ అక్షరంతో రాసేవారు, అందుకని ‘సి’. మన్యం సరుకు రేవుకు దిగడానికి ఉన్న దారి ఇది. ఓడలు ఆగిపోయి దశాబ్దాలు గడిచాయి, దీపస్తంభం మాత్రం ఉంది. ఆమదాలవలస స్టేషనుకు ఇవాళ్టికీ ‘శ్రీకాకుళం రోడ్డు’ అనే పేరు. జిల్లా కేంద్రానికి రైలు లేదు, ఆ రోడ్డే దిక్కు. రాత్రి రైలు దిగి సామానుతో ఆటో ఎక్కిన ప్రతివాడికీ ఆ కొన్ని కిలోమీటర్ల సంగతి తెలుసు. మా దారిలో గనుల లారీలు అంతగా లేవు. టోల్ సంస్థకు మా దారి గిట్టుబాటు కాదు. అప్పుడు మమ్మల్ని ఎవరు పట్టించుకుంటారు?

పాత ఓవర్‌సీర్:

పది చక్రాల వారూ, మీరు అడిగిన లెక్క వేశాను. 10.2 నుంచి 11.5కు పెంచితే బరువు పెరిగింది 13 శాతమే. నష్టం పెరిగింది 60 శాతానికి పైగా. మీరు పట్టుకున్నది అసలైన చోటు. చట్టం ఒప్పుకున్న బరువుకే ఇంత ఉంటే, చట్టం దాటిన బరువు సంగతి వేరే చెప్పాలా? ఊరి రోడ్లలోకి మళ్లుతారన్న మాటకు నా దగ్గర సమాధానం లేదు. గేటు కంటే ముందు తూకం కాటా రావాలి అని ఇప్పుడు అనిపిస్తోంది. కాటా సరుకు ఎక్కించే చోటే ఉండాలి. రోడ్డు మీద పట్టుకుంటే డ్రైవరు బలవుతాడు, ఎక్కించినవాడు తప్పించుకుంటాడు.

జంఝావతి గారి ప్రశ్నకు జవాబు నేను కష్టంగానే చెప్పాలి. జాతీయ హోదా అడగడంలో తప్పులేదు. అయితే ‘సూత్రప్రాయంగా జాతీయ రహదారి’ అనే మెట్టు ఒకటి ఉంది. ప్రకటన వస్తుంది, నోటిఫికేషను రాదు. ఆ మధ్యకాలంలో రాష్ట్రం ‘ఇక కేంద్రానిదే కదా’ అని చేయి తీసేస్తుంది, కేంద్రం ‘ఇంకా మాది కాలేదు’ అంటుంది. దేశంలో చాలా రోడ్లు ఆ నడిమధ్యలో ఏళ్ల తరబడి నలిగాయి. అడిగితే నోటిఫికేషను తేదీతో సహా అడగాలి. జాతీయ రహదారి అయ్యాక టోల్ రాదన్న హామీ కూడా ఎవరూ ఇవ్వరు.

కళింగపట్నం తమ్ముడు చెప్పింది అన్నిటికంటే బరువైన మాట. టోల్ పద్ధతి వాహనాలు ఎక్కువున్న రోడ్డునే వెతుక్కుంటుంది. టోల్ రాబడి సరిపోని చోట రోడ్డు ఖర్చులో 20 శాతం వరకు కేంద్రం ఇచ్చే పథకం ఒకటి ఉంది. అది వచ్చినా సీఎస్పీ దారి లాంటివి లాభంలోకి రావు. అలాంటి వాటికి బడ్జెట్టు డబ్బు తప్ప మార్గం లేదు.

బొబ్బిలి రైతు:

నాకు చదువు తక్కువ, మా అబ్బాయి టైపు చేస్తున్నాడు. ట్రాక్టరుకు టోల్ లేదని సంతోషపడమంటున్నారు. మా చెరకు, మా ధాన్యం ట్రాక్టరు మీద ఎంత దూరం పోతాయి? అక్కడి నుంచి లారీయే. లారీకి వేసిన ప్రతి రూపాయీ కిరాయిలో కలిసి నా దగ్గరికే వస్తుంది. ఎరువుల బస్తాలో ఒకసారి, పంట అమ్మేటప్పుడు ఇంకోసారి.

ఇంకో సంగతి ఎవరూ ఎత్తలేదు. రోడ్డును లారీ ఒక్కటే చంపదు, నీళ్లు చంపుతాయి. మా ఊరి దగ్గర రోడ్డు పక్క మట్టి అంచు పెరిగి పెరిగి తారు కంటే బెత్తెడు ఎత్తుకు వచ్చింది. వాన నీరు పొలంలోకి దిగదు, రోడ్డు మీదే నిలుస్తుంది. కింద తూము ఉంది. దాని నోరు రెండు పక్కలా గట్లు వేసి మూసేశారు. ఒక పక్క గట్టు మాది. ఆ సంగతి ఒప్పుకుంటున్నాను. పంట కోతల్లో ధాన్యం ఆరబోసేదీ ఆ తారు మీదే, కళ్లాలు లేవు కాబట్టి. ఒక వరస ధాన్యం కిందికి పోతే బండ్లన్నీ రెండో వరసలోనే, ఒకే గీత మీద పోతాయి. అక్కడే కుంగుతుంది.

పాత ఓవర్‌సీర్:

రైతు గారూ, నలభై ఏళ్లు నేను పుస్తకాల్లో రాసింది మీరు నాలుగు ముక్కల్లో చెప్పారు. తారు పొరకు సన్నని పగులు వస్తే దానిలోకి నీరు దిగుతుంది. చక్రం పడ్డప్పుడు ఆ నీరు కింది కంకరలోని సన్నని మట్టిని పైకి చిమ్ముతుంది. వాన వెలిసిన తర్వాత పగుళ్ల చుట్టూ ఎర్రని మరకలు చూసి ఉంటారు, అవి రోడ్డు పునాది బయటికి వచ్చిన గుర్తులు. మరక కనిపించిన వారానికి అక్కడ గుంత ఉంటుంది. అంచు చెక్కి, తూము తీస్తే సగం గుంతలు పడవు. దానికి టోల్ అక్కరలేదు, గ్యాంగు మజ్దూర్లు కావాలి. పూర్వం కొన్ని కిలోమీటర్లకు ఒక గ్యాంగు ఉండేది. పార, గంప పట్టుకుని రోజూ అదే రోడ్డు మీద నడిచేవారు. ఏ తూము ఎప్పుడు పూడుతుందో వాళ్లకు తెలుసు. వాళ్లు రిటైరయ్యాక ఆ చోట్లలో కొత్తవాళ్లను తీసుకోలేదు.

నాగావళి:

ఇంతమంది రాశాక నా మొదటి మాటను మళ్లీ చదువుకున్నాను. ‘వద్దు’ అన్న చోటే ఉన్నాను. కారణాలు మాత్రం మారాయి.

మినహాయింపుల సంగతి ముందు చెప్తాను. రాజస్థాన్‌లో 2018లో రాష్ట్ర రహదారులపై సొంత వాహనాలకు టోల్ తీసేశారు. ప్రభుత్వం మారింది, 2019 నవంబరు 1 నుంచి మళ్లీ వేశారు. మహారాష్ట్రలో 2015లో కొన్ని గేట్లు మూసి, మరికొన్ని చోట్ల కార్లకు, ప్రభుత్వ బస్సులకు మినహాయింపు ఇచ్చారు, జనం గట్టిగా అడిగాక. అంటే మినహాయింపు అనేది జీవోలో ఒక పంక్తి. ఇవాళ ఉంటుంది, రేపు పోతుంది. గేటు మాత్రం ఒకసారి కట్టాక ఉంటుంది.

బస్సు విషయం మరీ ముఖ్యం. ప్రతిపాదనలో బస్సును కారు, లారీ పక్కన పెట్టారు. బస్సుకు వేసిన టోల్ ఆర్టీసీ తన జేబులోంచి కట్టదు. జాతీయ రహదారి మీద పోయే బస్సు టికెట్టులో టోల్ కలిపే తీసుకుంటున్నారు. నేను చెప్పిన ఆ గర్భిణి కారు కొనలేదు, లారీ నడపదు. ఆమె కూడా కడుతుంది.

సెస్సు సంగతి కూడా తేలాలి. లీటరుకు రూపాయి వసూలవుతోంది, దాన్ని చూపించి రోడ్డు అభివృద్ధి కార్పొరేషను బ్యాంకు అప్పు తెచ్చింది. మన చిలకపాలెం దారికి ఆ డబ్బులో ఎంత వచ్చిందో కిలోమీటరు రాయి పక్కన బోర్డు మీద రాయమందాం. ఏ సంవత్సరం, ఎన్ని రూపాయలు, ఏ పని. అది రాసిన తర్వాతే టోల్ మాట వినడానికైనా కూర్చుంటాను.

బరువు బండ్ల దగ్గర, తూకాన్ని బట్టి, రోడ్డు వేశాక తీసుకోవడం మీద నాకు అభ్యంతరం లేదు. ఇది ఓవర్‌సీర్ గారు నన్ను ఒప్పించిన మాట.

పది చక్రాలు:

తూకాన్ని బట్టి అంటే నేనూ సరే. ఇప్పుడు ఖాళీ బండికీ నిండు బండికీ ఒకటే టోల్. సరుకు దింపి ఖాళీగా వచ్చేటప్పుడూ అంతే కడుతున్నాను. చట్టం ప్రకారం ఎత్తినవాడూ, పైన రెండడుగులు పేర్చి గేటు దగ్గర తప్పించుకున్నవాడూ ఒకటే కడుతున్నారు. ఇందులో నిజాయితీగా నడిపేవాడికి ఏం మిగులుతుంది?

జంఝావతి:

జాతీయ హోదా కోరిక నేను వదులుకోను. నోటిఫికేషను తేదీతో సహా అడుగుతాం, ఆ మధ్యకాలంలో నిర్వహణ రాష్ట్రమే చేస్తుందని రాతపూర్వకంగా అడుగుతాం. కానీ టోల్ మీద మాట్లాడాలంటే ఒక సంగతి తెలియాలి. ఈ దారిలో పోయే బరువు బండ్లలో మన జిల్లాలవి ఎన్ని, ఒడిశావి, ఛత్తీస్‌గఢ్‌వి ఎన్ని? మనమందరం అంచనాలే చెబుతున్నాం.

పాత ఓవర్‌సీర్:

శాఖ లెక్కించే పద్ధతి ఉంది. ఏడు రోజులు, ఇరవై నాలుగు గంటలూ, రెండు వైపులా, చక్రాల వరసగా గీతలు పెట్టుకోవాలి. మనకు అంత బలగం లేదు. ఒక పగలు, ఒక రాత్రి చేసినా ఉత్త మాటకంటే నయం. రామభద్రపురం కూడలి సరైన చోటు. సాలూరు వైపు దారి, పార్వతీపురం వైపు దారి, రాజాం వైపు దారి అక్కడే కలుస్తాయి. నంబరు ప్లేటులో మొదటి రెండు అక్షరాలు, ఇరుసుల సంఖ్య, లోడు ఉందా లేదా, ఏ వైపు. నాలుగే గళ్లు. గీతల కాగితం నేను తయారు చేస్తాను.

బొబ్బిలి రైతు:

కూడలి దగ్గర మా బంధువుల కొట్టు ఉంది, అరుగు మీద కూర్చోవచ్చు, రాత్రికి దీపం ఉంటుంది. ఈలోగా తూము దగ్గర మా గట్టు తీసేస్తున్నాను. అవతలి పక్క వాళ్లతో కూడా మాట్లాడాను, కోతలయ్యాక తీస్తామన్నారు.

పది చక్రాలు:

రాత్రి పది నుంచి తెల్లవారుజాము దాకా నేను కూర్చుంటాను. బరువు బండ్లు ఎక్కువ పోయేది ఆ వేళలోనే. తార్పాలిన్ కింద ఏముందో చక్రం పడే తీరు చూసి చెప్పగలను.

నాగావళి:

వచ్చే శనివారం సాయంత్రం ఆరు గంటల నుంచి ఆదివారం సాయంత్రం ఆరు దాకా. పగలు నేనూ, జంఝావతి గారూ. కళింగపట్నం తమ్ముడూ, మీ సీఎస్పీ దారికి పాలకొండ దగ్గర ఇలాగే ఒక రోజు పెట్టండి, బండ్లు తక్కువని తేలితే అది కూడా రాసుకోవాలి. లెక్క పూర్తయ్యాక ఇక్కడే పెడతాను, ఆ తర్వాత అర్జీ ఎవరికి ఇవ్వాలో మాట్లాడుకుందాం.